ఏడువందల మీటర్ల దొంగతనం

ఉదయం 6:20. షెడ్డు తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల బండి లేదు.

రెండువందల సీసీ అడ్వెంచర్ బైక్. కంపెనీ దాని తయారీ మానేసి పదిహేనేళ్లయింది. దాని మీదే కొండలన్నీ కొలిచిన రిటైర్డ్ సర్వేయర్, మోకాళ్లు మొరాయించాక అమ్మకానికి పెట్టాడు. ఎందరొచ్చినా కాదని, పన్నెండేళ్లుగా దాన్ని బాగుచేస్తున్న మెకానిక్‌కే ఇస్తానన్నాడు. ఈ రోజు తొమ్మిదింటికి అప్పగింత.

7:40కి బండి దొరికింది. ఇంటికి ఏడువందల మీటర్ల దూరంలో, మూతపడ్డ రంపపు మిల్లు గోడ వెనక. తాళం బండికే ఉంది. ప్లగ్గు ఊడదీసి సీటు మీద పెట్టి ఉంది.

"ప్లగ్గు విప్పాడంటే పనితెలిసినవాడే మేడమ్," అన్నాడు కానిస్టేబుల్.

మెకానిక్ మీద పాత దొంగతనం కేసుంది. బేడీలు పడ్డాయి.

ఇన్‌స్పెక్టర్ ట్యాంకు మూత తీసి చూసింది. వంగి కిందా చూసింది.

9:10. స్టేషన్ ఆవరణ. ప్లగ్గు మళ్లీ బిగించారు.

"ఇంకోసారి లోపలికెళ్తే నా షాపుకి బండి తెచ్చేవాడుండడు మేడమ్," అన్నాడు మెకానిక్.

"తొమ్మిదింటికి చేతికొచ్చే బండిని ఆరింటికి ఎందుకు ఎత్తుకెళ్తాడు?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

"డబ్బు కట్టక్కర్లేదుగా," సర్వేయర్ అల్లుడు అందుకున్నాడు. నిన్న రాత్రి ఎనిమిదింటికి మామ ఇంటికి వచ్చాడు. "మామయ్య మెతకమనిషి. వీడు నెత్తికెక్కాడు."

"మీరెప్పుడైనా నడిపారా?"

"ముట్టనిస్తేగా. పేరుకే అల్లుణ్ణి."

"ఇప్పుడు ముట్టుకోండి. స్టార్ట్ చేయండి."

పది కిక్కులు కొట్టాడు. చొక్కా తడిసింది. బండి కిమ్మనలేదు.

"ప్లగ్గు పోయినట్టుంది. ట్యాంకు నిండా పెట్రోలున్నా అంటుకోవట్లేదు."

"నిండా ఉందని ఎవరు చెప్పారు? ఈ బండికి పెట్రోలు ముల్లు కూడా లేదే."

అల్లుడు కిక్కు మీంచి కాలు తీశాడు.

"సర్వేయర్ గారూ, పెట్రోలు ఎప్పుడు కొట్టించారు?"

"నిన్న సాయంత్రం ఏడింటికి. ఖాళీ ట్యాంకుతో ఇవ్వడం బాగోదని." ఆయన అల్లుడి వైపు తిరిగాడు. "ఎవరికీ చెప్పలేదు."

ఇన్‌స్పెక్టర్ బేడీలు విప్పించింది. "నువ్వు కానివ్వు."

మెకానిక్ కాలు ఎత్తలేదు. ముందు చెయ్యి ట్యాంకు కిందికి వెళ్లింది. పెట్రోలు ట్యాపు తిప్పాడు. కాసేపు ఆగాడు. ఒక్క కిక్కు. ఇంజన్ అందుకుంది.

"షెడ్డులో పెట్టగానే ఈయన ట్యాపు కట్టేస్తారు," అంది ఇన్‌స్పెక్టర్. "కార్బొరేటర్లో మిగిలిన చుక్కలతో ఏడువందల మీటర్లు వెళ్లింది, ఆగింది. తెలిసినవాడైతే ట్యాపు తిప్పేవాడు. తెలియనివాడు మూత తీసి చూశాడు. నిండుగా ఉంది. తప్పు ప్లగ్గుదనుకున్నాడు."

"బయటివాడికి కట్టబెడుతుంటే చూస్తూ కూర్చోవాలా మామయ్యా?"

"పెళ్లయిన ఈ నాలుగేళ్లలో ఒక్కసారైనా దీని గురించి అడిగావా బాబూ? అడిగుంటే ముందు ఆ ట్యాపు సంగతే చెప్పేవాణ్ణి."

"కేసు రాయమంటారా?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

మెకానిక్ ఇంజన్ ఆపాడు. అలవాటుగా ట్యాపు కట్టేశాడు. ఆ మణికట్టు మీద బేడీ ఒరుసుకున్న ఎర్రటి చార.

సర్వేయర్ దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"రాయండి. అమ్మాయికి నేనే చెప్పుకుంటాను."