పాతరలో దిగిన యువరాణి

మల్లెకొండ రాజ్యంలో ఆ ఏడు తొలకరి బాగానే కురిసింది. అయినా వేసిన గింజ వేసినట్టే మట్టిలో ఉండిపోయింది. "పాతర భూతం పగబట్టింది. బీరప్ప కళ్లు తెరిస్తేనే గింజ మొలుస్తుంది. ఆయన తెరవాలంటే అడవి అవతల ఆ భూతం ఉండే గుహలోని మడుగు నీళ్లు కావాలి" అని ఆస్థాన జ్యోతిష్కుడు చెప్పాడు.

బీరప్ప ఊరి పిల్లలకు సేద్యం నేర్పే ముసలి రైతు. నెల రోజులుగా ఒంటిమీద తెలివి లేకుండా పడి ఉన్నాడు. భూమిలో జొన్నలు దాచే పాతరలోకి యువరాణి హేమవల్లిని దింపి, ఆమె ప్రాణం మీదికి తెచ్చాడని జనం ఆయన్ను తిట్టిపోస్తున్నారు.

అసలు జరిగింది హేమవల్లికే తెలుసు. ఆ ఉదయం బీరప్ప పాతర మూత తీసి, "లోపల గాలి ఇసమైపోయుంటాది తల్లీ. పూటంతా ఇడిసిపెట్టి, దీపం దించి చూడాల. దీపం ఆరితే మనిషి దిగకూడదు. నేనొచ్చేదాకా దగ్గరికి రావద్దు" అని దీపం కోసం వెళ్లాడు. రాజు బిడ్డకు భయమేమిటని ఆమె నిచ్చెన దిగి, దిగగానే కూలిపోయింది. బీరప్ప పరుగున వచ్చాడు. నడుముకు తాడు కట్టుకుని, ఊపిరి బిగబట్టి దిగి, ఆ తాడు విప్పి ఆమెకు కట్టాడు. పనివాళ్లు ఆమెను పైకి లాగేసరికి ఆయన లోపల పడిపోయాడు. కొక్కేలు వేసి ఆయన్నూ బయటికి లాగారు గానీ, తెలివి రాలేదు.

"ఎందుకు దిగావు?" అని తండ్రి గద్దించినప్పుడు, "బీరప్ప తాతే దిగమన్నాడు" అనేసింది హేమవల్లి.

మడుగు నీళ్లు తానే తెస్తానని ఆమె బయలుదేరుతుంటే, "ఎంత మంచి మనసో!" అని జనం దండం పెట్టారు. ఆమె తల ఎత్తలేకపోయింది.

అడవిలో దారికి అడ్డంగా ఒక బంగారు కొమ్ముల ఎద్దు, వెన్ను ఇటు పెట్టి నిలబడి ఉంది. హేమవల్లి వెనక నుంచి పోకుండా, చుట్టూ తిరిగి, కనబడేలా ఎదుటికి వచ్చి మెల్లగా పలకరించింది.

"పశువు దగ్గరికి ఎట్లా రావాలో ఎవరు నేర్పారు?" అంది ఎద్దు సంతోషంగా.

"బీరప్ప తాత."

"పసిపిల్లను పాతరలో దింపాడట, ఆయనేనా?"

ఆ నింద అడవిదాకా పాకిపోయింది! హేమవల్లి గబగబా ముందుకు కదిలింది. ఎద్దు మరేమీ అడగక ఆమె వెంట నడిచింది.

కొంతదూరంలో ఒక యోగిని చేటతో చెరుగుతూ కనిపించింది. "నేను చెరిగేది మాటలను. ఎందుకొచ్చావో చెప్పు" అంది.

"తాతే దిగమన్నాడు..." అని మొదలుపెట్టింది హేమవల్లి. చేటలోంచి పొట్టు ఎగిరి ఆమె ముఖాన పడింది. ఆమె వెక్కివెక్కి ఏడుస్తూ, "అబద్ధం! వద్దన్నా నేనే దిగాను" అంది. చేటలో గట్టి గింజలు నిలిచాయి.

"నాకు చెప్పావు, సరే. అందరి ముందూ చెప్పనిదే ఆ నీళ్లు పనిచేయవు" అని యోగిని గుహ దారి చూపింది.

బావిలా నిలువునా లోతుగా ఉన్న ఆ గుహలోకి హేమవల్లి వెంట తెచ్చుకున్న తాడుతో దీపం దించింది. అది చప్పున ఆరిపోయింది. "రాజు బిడ్డవు, భయమా?" అని లోపలినుంచి పాతర భూతం వెక్కిరించింది.

"భయమే" అంది హేమవల్లి. గుహకు అవతలి పక్క మూసుకుపోయిన కంతలోని రాళ్లు తీసి, గాలి ఆడనిచ్చి, పొద్దువాలేదాకా కాచుకుంది. ఈసారి దించిన దీపం నిలకడగా వెలిగింది. తాడు ఒక కొస ఎద్దు కొమ్ములకు, మరో కొస తన నడుముకు కట్టుకుని దిగింది. భూతం పొగలా విడిపోయింది. ఆమె నీళ్లు ముంచుకుంది.

ఊరంతా చేరాక, ఆ నీళ్లు చేతబట్టుకుని హేమవల్లి ఉన్నదున్నట్టు చెప్పింది. రాజు ముఖం తిప్పుకున్నాడు. ఆమె బీరప్ప ముఖాన నీళ్లు చల్లింది.

ఆయన కళ్లు తెరిచి, "పాతర మూసినారా? పిల్లోళ్లెవరూ దిగలేదు గదా?" అన్నాడు.

హేమవల్లి ఆయన పాదాల మీద పడి భోరుమంది.

మూడోనాటికి చేలన్నీ మొలకలెత్తాయి. ఏళ్లు గడిచి, హేమవల్లి పట్టాభిషిక్తురాలై చల్లగా ఏలింది. ఏటా పాతర తీసే రోజున మాత్రం తానే వచ్చి, పిల్లలకు ఆ పాత సంగతి చెప్పేది.

"సిగ్గుగా ఉండదా రాణమ్మా?" అని ఒక ఏడు ఒక చిన్నపిల్ల అడిగేసింది.

"ఉంటుంది తల్లీ. ఇప్పటికీ ఉంది" అని, రాణి ఆ పిల్లను దగ్గరికి తీసుకుంది.