గ్రెగర్ హుడాక్ చెప్పలేని మాట

మంగళవారం ఆటగాళ్లకు సెలవు. ఆ పొద్దున యంగ్స్‌టౌన్‌లోని తన పాత ఇంట్లో ఎమిల్ హుడాక్ కొడుక్కీ కోడలికీ బంగాళదుంప అట్లు కాలుస్తున్నాడు. భార్య పోయాక వంట నేర్చుకున్న మనిషి. అంచులు ఇప్పటికీ మాడుస్తాడు.

కొడుకు గ్రెగర్‌కి ముప్ఫై నాలుగేళ్లు. ప్రొఫెషనల్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో టైట్ ఎండ్ స్థానంలో ఆడతాడు. వరస చివర నిలబడి ఎదుటివాళ్లను ఒంటితో ఆపాలి, అవసరమైతే పరిగెత్తి బంతి అందుకోవాలి. పేపర్లో ఫొటో పడేది వేరేవాళ్లది. అయినా పదకొండేళ్లలో ఒక్క మ్యాచ్ మానలేదు. కష్టం వస్తే జట్టంతా ఒకటే మాట: "హుడాక్ ఉన్నాడుగా!"

"ఆదివారం మ్యాచ్‌కి నా టికెట్టు సంగతేం చేశావురా?" అన్నాడు ఎమిల్, పళ్లెం బల్ల మీద పెడుతూ.

గ్రెగర్ కాఫీ కప్పు అందుకున్నాడు. అది ఎడమ చేతిలోంచి జారి నేల మీద పగిలింది.

"బంతి వదలని చెయ్యి కప్పు వదిలేసిందే!" అని ఎమిల్ పకపకా నవ్వాడు. అతనితో పాటు ఇంకెవరూ నవ్వలేదు.

"చెప్పు," అంది గ్రెగర్ భార్య లెనోర్.

"ఇప్పుడొద్దు లెనోర్."

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

గ్రెగర్ తల వంచుకుని పెంకులు ఏరసాగాడు. వేళ్లకు అవి చిక్కడం లేదు.

"మెడలో వెన్నుపూస నరాన్ని నొక్కేస్తోంది మామయ్యా," అంది లెనోర్. "ఇంకొక్క గట్టి దెబ్బ తగిలితే మెడ కింద ఏదీ కదలకపోవచ్చట. జట్టుతో సంబంధం లేని బయటి డాక్టరు శుక్రవారం చెప్పాడు. అయినా ఈయన ఆదివారం వెళ్లి ఆడి వచ్చాడు. జట్టులో ఎవరికీ చెప్పలేదు."

"డాక్టర్లు అలాగే భయపెడతారమ్మాయ్. ఉక్కు కార్ఖానాలో నేను విరిగిన పక్కటెముకతో..."

"కార్ఖానా పరిగెత్తుకుంటూ వచ్చి మీ మీద పడలేదుగా!"

ఎమిల్‌కి మొన్నటి ఆట గుర్తొచ్చింది. ఆదివారం ఆట మూడో భాగంలో గ్రెగర్ పడిపోయి, లేవడానికి చాలాసేపు పట్టింది. ఇదే ఇంట్లో టీవీ ముందు నిలబడి తను "లేవరా! లే!" అని గొంతు చించుకుని అరిచాడు. లేచాక చప్పట్లు కొట్టాడు.

"మరి ఎందుకు ఆడావురా?" అన్నాడు.

"కోచ్‌కి మూడుసార్లు ఫోన్ చేశాను నాన్నా. 'ఎలా ఉన్నావు' అంటాడు. 'బానే ఉన్నా' అని పెట్టేస్తాను. ఆడలేనన్న మాట నోట్లోంచి రాదు. ఎప్పుడూ అని ఎరగనుగా."

ఎమిల్ పొయ్యి ఆపాడు. కొడుకు ఫోన్ తీసి, కోచ్ పేరు వెతికి, మోగించి చేతికిచ్చాడు. అవతల గొంతు పలికింది. గ్రెగర్ పెదవులు కదిలాయి. అంత పెద్ద ఛాతీ ఎగిసిపడింది కానీ మాట రాలేదు. ఎమిల్ ఫోన్ వెనక్కి తీసుకున్నాడు.

"నేను వాళ్ల నాన్నని. వాడి మెడ పాడైంది. ఇక ఆడడు." కాసేపు విన్నాడు. "లేదయ్యా. ఈ ఒక్క ఆదివారం కూడా కాదు."

ఫోన్ పెట్టేసి కొడుకు పక్కన నేల మీదే కూలబడ్డాడు.

"పడితే లేవమని నేర్పాను. చాలు అనడం నేర్పలేదు. తప్పు నాదేరా."

గ్రెగర్ తండ్రి భుజం మీద తల వాల్చి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లెనోర్ వచ్చి, ఆ తిమ్మిరెక్కిన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. తను పట్టుకున్నట్టు అతనికి తెలుస్తోందో లేదో ఆమెకు తెలియలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి నాన్నా?"

"తెలీదురా," అన్నాడు ఎమిల్, కొడుకును ఇంకా దగ్గరకు లాక్కుంటూ.