మాస్టర్ ట్యాబ్లెట్ మీద ఐదు దెబ్బలు

టీ గ్లాసులో సగం టీ అలాగే ఉంది. తాగాల్సిన అమృతరాజే లేడు.

రాబర్ట్‌సన్‌పేట బజారులో, పట్టపగలు, పదిమందీ చూస్తుండగా బల్ల మీదికి ఒరిగిపోయాడు. గుండెపోటని ఊరంతా అనుకుంది. విషమని ల్యాబ్ రిపోర్ట్ చెప్పింది.

ఆ రిపోర్ట్ ఇప్పుడు చీఫ్ శంకరనారాయణ చేతిలో ఉంది. లోకానికి ఆయన తమక ఊళ్లో జిరాక్స్ షాపు నడుపుకునే రిటైర్డ్ గుమాస్తా. మెషీన్ గరగరమంటుంటే తప్ప గూఢచారి డిపార్ట్‌మెంట్ సంగతులు నోరు దాటనివ్వడు.

"రెండు పక్కలా కాపీ కావాల," అంది ఏజెంట్ సెవెన్. అసలు పేరు క్యాథరిన్.

"ఒక పక్కే వస్తాది. లోపలికి రామ్మా." కోడ్ సరిపోయింది.

అమృతరాజు బంగారు గనిలో సర్వేయర్‌గా చేసినవాడు. పాతికేళ్ల కిందట సరదాగా ఒక కంప్యూటర్ గేమ్ రాశాడు. గనిలోకి మనుషులను దించే లిఫ్టును ఇక్కడ కేజ్ అంటారు. ఆ కేజ్‌ను గంట కొట్టి దించడం, ఆపడం, పైకి లాగడం, అంతే ఆట. ఇప్పుడొక కంపెనీ దాన్ని ట్యాబ్లెట్లకు మారుస్తోంది. క్యాథరిన్ కవర్ అక్కడ టెస్టర్ ఉద్యోగం. రోజంతా ఆడటం, తప్పులు రాయడం. ఇదీ ఒక ఉద్యోగమేనా అని వాళ్లమ్మ దెప్పని రోజు లేదు.

"రేపు పదకొండుకు రిలీజ్," అన్నాడు చీఫ్. "రక్షణ కర్మాగారం ఉద్యోగుల పిల్లలకు నాలుగు వేల ట్యాబ్లెట్లు. బ్లాక్ కైట్ ముఠా అందులో స్పై మాడ్యూల్ దాచింది. మైకు, కెమెరా వాళ్ల చేతికి పోతాయి. నాలుగు వేల ఇళ్లల్లో అన్నం కాడ మాట్లాడుకునే మాటలన్నీ దేశం దాటతాయి. ముందే ఆపితే ముఠా మనిషి జారిపోతాడు."

"రాజు తాత కనిపెట్టింది అదే సార్."

"నీకొక్కదానికే చెప్పినాడు. నువ్వు ఎవరికన్నా చెప్పినావా?"

"ఎవరికీ లేదు సార్."

అబద్ధమాడాలని ఆడలేదు. ఆ క్షణంలో ఆమెకది నిజంలాగే అనిపించింది.

"అనుమానం డయానా మీద. నెల్సన్ రిపోర్ట్ పంపినాడు."

డయానా ఆ గేమ్ కంపెనీకి బెంగళూరు నుంచి దిగిన ఆర్ట్ డైరెక్టర్, ఇటు డిపార్ట్‌మెంట్‌కూ అటు ముఠాకూ పనిచేసే డబుల్ ఏజెంట్. ఆమె హైహీల్స్ చప్పుడు వింటే ఆఫీసులో కీబోర్డులు ఆగిపోయేవి. ఏ పూట ఎవరి మనిషో ఆమెకే తెలియాలి.

నెల్సన్ సంగతి వేరు. గని మూతపడేదాకా కేజ్ ఇంజన్ నడిపిన మనిషి. డిపార్ట్‌మెంట్‌కు ఊళ్లో నమ్మకమైన పాత కాపు. గేమ్‌లో గంట శబ్దాలకు సలహాదారు. అన్నిటికంటే ముందు, బాప్తిస్మం నాడు క్యాథరిన్‌ను ఎత్తుకున్న జ్ఞానతండ్రి. నాన్న పోయాక ఆమెకు ఆయనే దిక్కు. చిన్నప్పుడు కంచం మీద చెంచాతో గనిగంట నేర్పింది కూడా ఆయనే. ఒక దెబ్బకు ఆపాలి. రెండు దెబ్బలకు దించాలి. కేజ్‌లో మనుషులుంటే మాత్రం ముందు మూడు కొట్టి తీరాలి.

మర్నాడు పదీ యాభై. ఫంక్షన్ హాల్ నిండా పిల్లలు. శంకరనారాయణ ఫొటోగ్రాఫర్ వేషంలో, లెన్స్ మూత తియ్యకుండానే ఫొటోలు కొట్టేస్తున్నాడు. స్టేజీ వెనక గదిలో క్యాథరిన్ పిస్టల్ డయానా నడుముకు ఆనింది.

"లోపల పెట్టుకో," అంది డయానా, లిప్‌స్టిక్ దిద్దుకుంటూనే. "ముఠా కోడ్ చెప్తా, విను. మాస్టర్ ట్యాబ్లెట్‌లో గంట బొమ్మ మీద రెండు దెబ్బలు. కేజ్ దిగతాది. అది అడుగు తాకితే నాలుగు వేల ట్యాబ్లెట్లలోకీ మాడ్యూల్ దూరతాది. కొట్టేది ఎవరో నాకు చెప్పలే. నిన్న భోజనం టైములో ట్రయల్ చేసినారంట."

క్యాథరిన్ జేబులో పెన్ ఉంది. చూడటానికి మామూలు పెన్నే. పొద్దున దాన్ని మాస్టర్ ట్యాబ్లెట్‌కు ఆనిస్తే, పడిన ప్రతి వేలిదెబ్బనూ లాగేసుకుంది. ఫోన్‌లో లాగ్ తెరిచింది. నిన్న ఒంటిగంటా ఇరవై. మూడు దెబ్బలు. చిన్న విరామం. రెండు దెబ్బలు.

డయానా తొంగిచూసింది. "రెండు చాలు గదా. ముందర ఈ మూడు యాలా? ఎవడో చేతగానోడు."

క్యాథరిన్‌కు అర్థమైంది. మాస్టర్ ట్యాబ్లెట్ స్క్రీన్‌లో కేజ్ నిండా బొమ్మ మనుషులు నిలబడి ఉంటారు. కోడ్‌కు ఆ మూడు దెబ్బలు అక్కర్లేదు. కానీ ముప్పై ఏళ్లు ఇంజన్ నడిపిన చెయ్యి, బొమ్మ మనుషులనైనా మూడు కొట్టకుండా దించలేదు.

అమృతరాజు చెప్పిన సంగతి ఆమె చెప్పింది ఒక్కరికే. నెల్సన్ అంకుల్‌ను ఆమె ఏనాడూ పరాయివాళ్లలో లెక్కపెట్టలేదు. ఆ మర్నాడే రాజు తాత చచ్చిపోయాడు. తన నోరే ఆయన ప్రాణం తీసింది!

"ఇప్పుడు పెద్దాయన నెల్సన్ గారు గంట కొట్టి గేమ్ ప్రారంభిస్తారు!" మైకులో ప్రకటన.

పరిగెత్తింది. స్టేజీ ఎక్కేసరికి నెల్సన్ వేలు కొట్టేసింది. మూడు. రెండు. వెనక పెద్ద తెర మీద కేజ్ దిగుతోంది. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. అడుగు చేరడానికి ఇరవై సెకన్లు.

పాత గేమ్‌లో ఒక్క దెబ్బకు కేజ్ ఆగేది. పిల్లల చెయ్యి పొరపాటున తగిలితే ఆట ఆగిపోతుందని ట్యాబ్లెట్‌లో ఆ దెబ్బ తీసేశారు. గనిలో ఆపే గంట లేకుండా ఎట్లాగని క్యాథరిన్ వారం పోట్లాడింది. బగ్ నంబర్ నలభై ఒకటి. నిన్న సాయంత్రం ప్రోగ్రామర్ అమోఘ్ గొణుక్కుంటూ సరిచేశాడు. ఆమె ఇంకా టెస్ట్ చెయ్యలేదు.

నెల్సన్ ట్యాబ్లెట్‌ను గుండెకు హత్తుకున్నాడు. "క్యాథీ, వద్దమ్మా."

"ఇటియ్యండి అంకుల్."

"గని మూసేటప్పుడు మమ్మల్ని ఎవురన్నా అడిగినారా? ఈ దేశం నాకేం చేసినాది?"

"రాజు తాత మీకేం చేసినాడు?"

ఆయన చేతులు సడలాయి. అర క్షణమే. ఆమెకు అది చాలు. లాక్కుని గంట బొమ్మ మీద ఒక్క దెబ్బ కొట్టింది.

కేజ్ అడుగుకు ఒక మెట్టు పైన ఆగింది.

హాలు బయట జీపు సిద్ధంగా ఉంది. బేడీలతో నెల్సన్ వెనక సీట్లో కూర్చున్నాడు.

"నేర్పినోడి మీదికే కొట్టినావు కదమ్మా," అన్నాడు.

"మీరు నన్ను ఎత్తుకున్నారు అంకుల్. నా నోటితోనే రాజు తాతను చంపించినారు." కన్నీళ్లు ఆగలేదు. ఆమె తుడుచుకోలేదు కూడా.

తలుపు మూసింది. జీపు రేకు మీద పిడికిలితో మూడు కొట్టింది. ఎంత మంట ఉన్నా, లోపల మనిషి ఉన్నాడు. తరువాత రెండు కొట్టింది.

బెంగళూరు డ్రైవర్ తల బయటపెట్టాడు. "ఏం మేడమ్, బండిలో ఏమన్నా రిపేరీ ఉండాదా?"

"ఏమీ లేదప్పా, పోనీ," అంది క్యాథరిన్. "టెస్టింగ్."