చుట్టాలొస్తే కట్టేసే కుక్కలు

తలుపు కొంచెంగా తీసి ముందు పెరట్లోకి చూడటం బురుల్చాకి అలవాటైపోయింది. ఆమె గది పెరటికి ఒక చివర. నీళ్ల పంపు, మరుగుదొడ్డి ఇంకో చివర. మధ్యలో గొర్రెల కొట్టం, దాని పక్కనే అక్తోష్, బోరూ. తోడేళ్ల నుంచి మందల్ని కాచే జాతి కుక్కలవి. వెనక కాళ్ల మీద లేస్తే మనిషి భుజాలందుకుంటాయి. రెండూ గొలుసులతోనే ఉన్నాయని చూసుకున్నాక ఇంటివైపు తిరిగి తమ్ముణ్ణి "కుబాత్, కుక్కలు జాగ్రత్త" అని కేక వేసేది. కోటు గుండీల మధ్య నుంచి తొంగిచూస్తున్న మోంచోక్ తలని అరచేత్తో లోపలికి నొక్కి, బురదలో గబగబా నడిచేది.

మోంచోక్ అంటే పూస. పేరుకి తగ్గట్టే పిడికెడు కుక్క అది. అగ్గిపుల్లల్లాంటి కాళ్లు, గబ్బిలం చెవులు, ఎప్పుడూ వణుకుతుండే ఒళ్లు. బురుల్చా ఆపరేషనై మంచం మీద ఉన్నప్పుడు భర్త జేబులో పెట్టుకుని తెచ్చాడు దాన్ని. ఈ చలికాలం మొదట్లో ఆయన పోయాడు. ఫ్లాటు ఆయన మొదటి భార్య కొడుకులకు వెళ్లింది. వాళ్లు మర్యాదస్తులే. పల్లెత్తు మాట అనలేదు. "మీ కుక్కని మాత్రం మీరు తీసుకెళ్లండి" అన్నారంతే.

అలా తమ్ముడి ఇంటికి వచ్చింది. అమ్మానాన్నల ఇల్లు చిన్నకొడుకుదే అవడం వాళ్లలో ఆనవాయితీ. అందులో తప్పుపట్టేదేమీ లేదు. బిష్కేక్ నగర శివారులోని ఆ వీధిలో ఏ ఇంటికి చుట్టం వచ్చినా గేటు బయట ఆగి, కుక్కల్ని పట్టుకోమని కేకేస్తాడు. ఇంటివాళ్లు కట్టేస్తారు. చుట్టం వెళ్లిపోయాక విప్పేస్తారు. బురుల్చా వచ్చిన రోజున కుబాత్ కూడా అలాగే కట్టాడు. మంచు కరిగిపోయింది. వాకిలంతా బురదైంది. గొలుసులు మాత్రం అలాగే ఉన్నాయి.

ఒక ఉదయం మరదలు అనార్కుల్ నూనెలో బోర్సోకుల పిండి ముక్కలు వేయిస్తోంది. బురుల్చా గుమ్మం దగ్గరే ఆగింది. నమాజు చేసుకునే ఇల్లు కాబట్టి మోంచోక్‌ని లోపలికి తీసుకురావద్దని అనార్కుల్ మొదటి వారమే చెప్పింది. దాన్ని గదిలో ఒంటరిగా వదిలితే గొంతు పోయేలా ఏడుస్తుంది. అందుకని బురుల్చా గుమ్మం మెట్టు మీదే కూర్చుని టీ తాగేది.

"లోపలికి రా వదినా. వీధిలో వాళ్లు చూస్తే ఆడపడుచుని మెట్టు మీద కూర్చోబెట్టానంటారు."

"దీన్ని ఎక్కడ పెట్టను మరి?"

"అదే కదా నేననేది. గుర్రాల్లాంటి కుక్కలు రెండు జైల్లో ఉన్నాయి. పెత్తనమంతా జేబులో పట్టేదానిది."

కుబాత్ నవ్వబోయి, అక్క మొహం చూసి ఆపేసుకున్నాడు. మొదట్లో అతను ఎన్నోసార్లు చెప్పి చూశాడు. మోంచోక్‌ని నేల మీదే ఉంచి తాడుతో పట్టుకోమన్నాడు. కట్టేసి ఉన్న కుక్కల్ని దూరం నుంచి వాసన చూడనివ్వమన్నాడు. ఎత్తుకుంటే మాత్రం వాటి కళ్లకి అది ఎగరబోయే పిట్టలా కనిపిస్తుందన్నాడు. బురుల్చా వినలేదు. నేల మీద పెడితే ఒక్క గుటక అంది. తన గది నుంచి పంపుదాకా గోడవెంట ఇనప వల కట్టించమని అడిగింది. సరేనన్నాడు. వల చుట్ట తెచ్చి కొట్టం వెనక పెట్టాడు. అక్కడే తుప్పు పడుతోంది. కుక్కపిల్ల కోసం పెరట్లో వీధి వేశారని నలుగురూ నవ్వుతారని అనార్కుల్ అనడం బురుల్చా చెవిన పడింది. ఆ తరువాత మళ్లీ అడగలేదు.

బడి వంటశాలలో ఆమెతో కలిసి పనిచేసిన ల్యుద్మిలా ఒక్కతే, మోంచోక్‌ని తన దగ్గర వదలమంది. మూడో అంతస్తు, మెట్ల మీద ముసలి పిల్లి తప్ప దానికి శత్రువులుండరంది. బురుల్చా ఆ మాటకే నొచ్చుకుని చాలా రోజులు ఫోను చేయలేదు.

ఆ వారంలోనే పక్క వీధిలో దొంగలు పడి ఒకరి గొర్రెలన్నీ వ్యానులో తోలుకుపోయారు. కట్టేసిన కుక్కలు ఎంత మొరిగితే ఏం లాభమని వీధి వీధంతా అనుకుంది.

మర్నాడు పొద్దున బురుల్చా తలుపు తీసేసరికి గొలుసులున్న చోట ఏవో కదిలినట్టే ఉంది. పొగమంచు. కేక వేసి నడిచింది. సగం దారిలో కొట్టం మలుపు నుంచి అక్తోష్ వచ్చింది. మెడకి గొలుసు లేదు.

అది మొరగలేదు. మెల్లగా దగ్గరికొచ్చి కోటు వాసన చూసింది. లోపల మోంచోక్ కీచుమంది. బురుల్చా చేతులు వాటంతటవే దాన్ని బయటికి తీసి తల మీదికెత్తాయి. అక్తోష్ లేచింది.

కుబాత్ చేతిలో టీ గిన్నెతోనే పరుగెత్తుకొచ్చాడు. ఆ నోటిని విడిపించడానికి రెండు చేతులూ, మోకాలూ కావలసొచ్చాయి. బురుల్చా బురదలో పడి ఉంది.

పశువుల డాక్టరు దగ్గరికి వ్యానులో బయల్దేరారు. ఒళ్లో తువాలు, తువాల్లో మోంచోక్. ఊపిరి ఉందో లేదోనని ఆమె వేలు దాని ముక్కు దగ్గరే పెట్టుకుంది.

"కుక్కల్ని విప్పానని రాత్రే చెబుదామనుకున్నానక్కా. నీ గదిలో లైటు ఆరిపోయింది" అన్నాడు కుబాత్.

"చెప్పావుగా. నాకు అర్థమైంది."

"ఏం అర్థమైంది?"

"చుట్టం వెళ్లాక విప్పుతారు కుక్కల్ని. వెళ్లని చుట్టానికి ఎలా చెప్పాలో తెలియక ముందే విప్పావు. నోటితో అనలేక వాటితో అనిపించావురా."

కుబాత్ వ్యాను పక్కకి తీసి ఆపాడు. వెనకాల ఎవరో హారన్ కొట్టి తిట్టుకుంటూ వెళ్లారు.

"నువ్వు చుట్టానివా? రోజూ పొద్దున నువ్వు పరాయిదానిలా ఆ కేక వేస్తుంటే నాకు ఎలా ఉండేదో తెలుసా? అమ్మ కడుపున పుట్టినదానివి, ఆ పెరట్లో నన్ను ఎత్తుకు తిప్పినదానివి. నీ కోసం కట్టిన కుక్కల్ని చూసిన ప్రతిసారీ నాకు తల కొట్టేసినట్టుండేది. ఎన్నాళ్లు కడతాను? అవి నీ వాసన నేర్చుకోవద్దా?"

"ఆ మాట నాతో ఎందుకనలేదు?"

ఎత్తుకోవద్దని మాత్రం ఎన్నిసార్లు చెప్పానో అని కుబాత్ గొణిగాడు. బురుల్చా తల దించుకుంది. అది నిజం. తన రెండు చేతులే దాన్ని ఆ నోటికి అందించాయి.

"బండి తియ్యి. చల్లబడిపోతోంది" అంది.

మోంచోక్ బతికింది. భుజమంతా కుట్లు. ముందు కాలు ఒకటి ఇక నేలకి ఆనదన్నాడు డాక్టరు. వీళ్ల పెరటి సంగతంతా విని, ఇంకోసారి ఇలా జరిగితే తన దగ్గరికి తేవక్కర్లేదు, పాతిపెట్టుకోండి అన్నాడు. కోపంగా కాదు, అలసటగా.

ఇంటికొచ్చాక కుబాత్ రెండు కుక్కల్నీ కొండల్లో ఉన్న కాపరికి ఇచ్చేస్తానన్నాడు. అనార్కుల్ పిండి పిసుకుతూ తల ఎత్తలేదు. గొర్రెల మాట ఆమె ఎత్తలేదు, దొంగల మాట కూడా ఎత్తలేదు. ఆమె చేతులు మాత్రం ఆగాయి.

"ఇవ్వొద్దు" అంది బురుల్చా. "దాని పని అది చేసింది. ఈ ఇంట్లో ఎవరు మనవాళ్లో దానికి మనమే చెప్పలేదు."

"అయితే రేపే వల కడతాను."

"వల మీంచి దూకలేదా అది?"

బురుల్చా లేచి ల్యుద్మిలాకి ఫోను చేసింది.

కుట్లు విప్పాక, ఒక ఉదయం మోంచోక్‌ని బస్సులో తీసుకెళ్లింది. దాని దుప్పటి, గిన్నె, చలికి తొడిగే చిన్న చొక్కా సంచిలో పెట్టింది. మూడు కాళ్ల మీద అది ల్యుద్మిలా ఇల్లంతా తిరిగి, కిటికీ కింద ఎండలో పడుకుంది. కళ్లు మూసుకుంది. వణకడం లేదు. ఇన్ని నెలల్లో అది వణక్కుండా పడుకోవడం బురుల్చా చూడలేదు. చప్పుడు కాకుండా చెప్పులు వేసుకుని మెట్లు దిగింది.

తిరిగొచ్చి గేటు తోసేసరికి రెండు కుక్కలూ పెరట్లో విడిగా ఉన్నాయి. చేతులు ఖాళీగా వేలాడేసి నిలబడింది. బోరూ వచ్చి అరచేతిని చాలాసేపు వాసన చూసింది. అక్తోష్ ఆమె చుట్టూ ఒకసారి తిరిగి, వెళ్లి కొట్టం ముందు పడుకుంది.

గుమ్మంలో కుబాత్ మొహం విప్పారింది. "చూశావా అక్కా. ఇంటి మనిషివని ఒప్పేసుకున్నాయి."

"ఒప్పుకున్నాయిరా" అంది బురుల్చా. కళ్లు తుడుచుకుంటుంటే, ఇన్నాళ్లకి అక్క మనసు కుదుటపడిందనుకుని అతను సంతోషంగా గొర్రెలకి మేత వేయడానికి వెళ్లాడు.

అనార్కుల్ అలా అనుకోలేదు. ఆడపడుచుని లోపలికి తీసుకెళ్లి, పొయ్యికి దగ్గరగా, ఇంటి పెద్దవాళ్లు కూర్చునే చోట కూర్చోబెట్టింది. టీ పోసింది. గిన్నెవైపే చూస్తూ అంది.

"ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు నా కుట్టుమిషను తెచ్చుకున్నాను వదినా. మీ అమ్మకి ఆ చప్పుడు తలనొప్పి. ఒకరోజు పొద్దున చూస్తే లేదు. ఎవరికిచ్చారని నేను అడగలేదు. ఆయనకి ఇప్పటికీ తెలియదు."

బురుల్చా గిన్నె కింద పెట్టింది. ఆ మిషను గుర్తుంది ఆమెకి. ఆ ఏడాది పండగకి అమ్మ దాన్ని తనకే ఇచ్చింది. కోడలికి కుట్టు రాదట, ఊరికే పడి ఉందట అంది. తను సంతోషంగా పట్టుకెళ్లింది. భర్త ఫ్లాటులో వంటింటి కిటికీ పక్కన ఉంది అది, ఇప్పటికీ.

"నా దగ్గరే ఉండేది అనార్కుల్" అంది.

అనార్కుల్ వదిన గిన్నె అందుకుని, చల్లారిన టీ పారబోసి, వేడిగా మళ్లీ నింపింది. ఇద్దరూ ఏడుస్తున్నారు. ఒకరి వైపు ఒకరు చూసుకోలేదు.