పైపట్టీ ఎర్రబడితే

పెదబయలు దగ్గర భీముణ్ణి కాల్చి చంపారు. ఊళ్ళోవాళ్ళు మాత్రం వేటలో పొరపాటున గుండు తగిలిందనుకున్నారు. అనుకోరూ మరి? ఇటుకల పండగ. మన్యంలో మగవాళ్ళంతా తుపాకులూ బాణాలూ పట్టుకుని కొండెక్కే రోజులు. ఈ వారంలో తుపాకి మోగితే ఎవడూ తలెత్తి చూడడు. పాపిష్టి వెధవలు, అది చూసుకునే ముహూర్తం పెట్టుకున్నారు.

ఏజెంట్ ధర్మతేజ కాఫీ గింజల వ్యాపారి వేషంలో అరకులోయ టీకొట్టు ముందు నిలబడి ఉండగా, చెవిలోని మైక్రో రిసీవర్‌లో చీఫ్ సన్యాసిరావు గొంతు పలికింది.

"పొద్దెక్కింది."

"మంచు దిగలేదు." కోడ్ సరిపోయింది.

"భీముడు పోయాడు. ఇక మిగిలింది యర్రమ్మ ఒక్కతే. విదేశీ ముఠా నాయకుడు తోట బంగళాకి పెట్టెలు మోయించింది వాళ్ళిద్దరిచేతే. వాడి మొహం చూసింది వాళ్ళిద్దరే. ఆమె కూడా పోతే, మన జలాంతర్గాముల ఆనుపానులు అమ్ముతున్నదెవరో చెప్పే నోరుండదు."

"పోలీసులు?"

"వాళ్ళ వైర్‌లెస్ ముఠా వింటోంది. యర్రమ్మకి ఫోన్ లేదు. నువ్వే వెళ్ళాలి. సాయిదుర్గని తీసుకెళ్ళు."

ధర్మతేజ జీపు వైపు నడిచాడు. 'నీకేం కాదు, నాదీ పూచీ' అని భీముడికీ యర్రమ్మకీ మాటిచ్చింది తనే. ఆ మాట నమ్మి భీముడు నిశ్చింతగా వేటకెళ్ళాడు.

సాయిదుర్గ మనవాళ్ళు ముఠాలోకి పంపిన మనిషి. ఒకప్పుడు విశాఖలో మోడల్, ఇప్పుడు యాప్ డిజైనర్. జీపెక్కగానే సెంటు వాసన గుప్పుమంది. డ్రైవర్ ధనరాజు అద్దంలో ఒకటికి రెండుసార్లు చూశాడు.

"కొండకాఫీ యాప్ ఇక్కడ రైతులందరి ఫోన్లలోనూ ఉంటుంది, రేట్లు చూసుకుంటారు," అంటూ ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది. "తెర పైభాగాన పేరుండే ఈ పట్టీయే నావిగేషన్ బార్. దీని రంగు, అక్షరాలు, అడుగున సన్నటి గీత, వెనక్కెళ్ళే బాణం గుర్తు, అన్నీ నా డిజైనే. సర్వర్‌లో థీమ్ మారిస్తే చాలు, అన్ని ఫోన్లలోనూ మారిపోతుంది."

"ఆ రంగే ముఠా షూటర్‌కి సిగ్నల్."

"ఆకుపచ్చయితే ఆగు. ఎరుపయితే కాల్చు. నీలమయితే పని రద్దు, కొండ దిగిపో. ట్రిగ్గర్ నొక్కేముందు ఆఖరిసారి పట్టీ చూసుకోవాలి, అది వాళ్ళ రూలు. పొద్దున్నే ఎరుపు పెట్టారు."

రైతులు పండగకి రంగు మార్చారనుకుని ఊరుకున్నారు.

"దీన్లో ఓ తమాషా ఉంది," అంది ఆమె, పనితనం చూపించుకోకుండా ఉండలేక. "పట్టీకి రెండు రూపాలు. పేజీ తెరవగానే ఒకటి, వేలితో జరిపాక ఇంకోటి. కొత్తవాళ్ళు ఒకటి మార్చి రెండోది వదిలేస్తారు. నేను ఒక్కసారి కూడా వదల్లేదు."

చకచకా టైప్ చేసి, తన ఫోన్ తీసి, గోటితో తెరని కాస్త జరిపి చూపించింది. పట్టీ నీలంగా ఉంది. ధర్మతేజకి ప్రాణం లేచొచ్చింది.

మలుపు తిరగగానే రోడ్డుకి అడ్డంగా దుంగ. దాని వెనక ఆడవాళ్ళ గుంపు. మగవాళ్ళు వేటలో ఉన్నన్నాళ్ళూ దారిన పోయేవాళ్ళని ఆపి పజోరు పుచ్చుకోవడం వాళ్ళ హక్కు. పజోరంటే పండగ డబ్బులు. కలెక్టరైనా సరే, ఇచ్చే కదలాలి.

జేబులో డబ్బులు వెతుకుతూ ధర్మతేజ తన ఫోన్‌లో కూడా ఆ యాప్ తెరిచాడు. పట్టీ ఎర్రగా ఉంది. వేలితో జరిపాడు, నీలమైంది. వెనక్కి జరిపాడు, మళ్ళీ ఎరుపు.

తుపాకి గురిపెట్టి కూర్చున్నవాడు తెర జరుపుతూ కూర్చోడు. తెరుస్తాడు, ఎరుపు చూస్తాడు, కాలుస్తాడు.

"రెండోది వదిలేశావు," అన్నాడు మెల్లగా. "ఒక్కసారి కూడా వదలనిదానివి."

సాయిదుర్గ జడలోంచి మత్తుమందు పూసిన పిన్ను లాగి అతని కుడి భుజంలో కసుక్కున దించింది. చెయ్యి మొద్దుబారి కిందకి వేలాడింది. ఆమె ల్యాప్‌టాప్ మూసి చంకన పెట్టుకుని, తలుపు తోసి, దుంగ మీంచి దూకింది.

అదే ఆమె కొంప ముంచింది. మైదానం మనిషి, దుంగంటే ఉత్త కర్ర అనుకుంది. పదిమంది ఆడవాళ్ళు ఒక్కుమ్మడిగా మీదపడ్డారు.

"ఏటే గుంటా, పజోరియ్యకుండా దుంగ దాటేత్తన్నావు?" తవిటమ్మ అనే పెద్దావిడ జబ్బ పట్టుకుంది. "ఇదేటి, నీ అత్తోరిల్లనుకున్నావేటి?"

"అమ్మా, వదలకండి," అంటూ ధర్మతేజ ఎడంచేత్తో ఉన్న డబ్బంతా ఆవిడ ఒళ్ళో పోశాడు. "యర్రమ్మని చంపడానికి మనిషిని పెట్టింది ఇదే. దీని బొటనవేలు పెడితేనే ఆ ల్యాప్‌టాప్ తెరుచుకునేది."

"మా యర్రమ్మనా?" తవిటమ్మ మొహం మారిపోయింది. సాయిదుర్గ పిడికిలి విప్పి బొటనవేలు తనే ల్యాప్‌టాప్ మీద నొక్కింది. "బేగి కానియ్యి బాబూ."

తెర తెరుచుకుంది. రెండు వరుసలు. కింది వరుసలో నీలం, పై వరుసలో ఇంకా ఎరుపు. ఎడంచేత్తో నీలం కోడ్ పైకి కాపీ చేసి 'పబ్లిష్' నొక్కాడు. చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది.

అప్పుడే ముందున్న కొండమీద తుపాకి పేలింది.

ఆడవాళ్ళు దుంగ పక్కకి లాగారు, సాయిదుర్గని మాత్రం వదల్లేదు. ధనరాజు జీపుని ఎలా నడిపాడో వాడికే తెలియదు. భీముడికీ యర్రమ్మకీ పూచీ పడ్డది ధర్మతేజే. ఇద్దరూ పోతే ఇక ఆ మాట నోట పలికే అర్హత తనకి లేదనిపించింది.

యర్రమ్మ ఊరి మొగలో గోల. ఆడవాళ్ళు ఎవణ్ణో చుట్టేసి పేడనీళ్ళు కుమ్మరిస్తున్నారు. వేటకెళ్ళినవాడు ఏమీ కొట్టకుండా దిగితే వాడికదే మర్యాద. తలపాగా, తుండుగుడ్డ, అన్నీ ఊళ్ళో వేటగాడిలాగే ఉన్నాయి. పక్కన పడున్న టెలిస్కోప్ రైఫిల్ మాత్రం ఈ దేశంది కాదు. నీలం చూసి బుద్ధిగా కొండ దిగాడు, పాపం. ఇందాకటి మోత ఎవరో పందిని కొట్టింది.

ధర్మతేజ ఎడంచేత్తో పిస్తోలు తీసి వాడి తలకి ఆనించాడు. ఖాళీ బకెట్టు పట్టుకున్న యర్రమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తరవాత చటుక్కున అడిగింది.

"భీముడన్న పండక్కొత్తానన్నాడు బాబూ. నువ్వొక్కడివే వచ్చావేటి?"

చెప్పాడు. ఆమె బకెట్టు కిందపెట్టి, "ఆ పెట్టెలోడి మొగం నాను సూపిత్తాను, పద," అంది.

చెవిలో సన్యాసిరావు గొంతు కరకరలాడింది. "షూటర్ ఎలా దొరికాడయ్యా? రిపోర్ట్‌లో ఏం రాయమంటావు?"

"వేటకెళ్ళి ఉత్త చేతుల్తో దిగాడు సార్. ఇక్కడి ఆడవాళ్ళు అది ఊరుకోరు."