గొడుగు కింద సెన్సర్

"నీ సెన్సర్ అబద్ధాలాడుతోంది, చిన్నమేస్త్రీ!"

"నా సెన్సర్‌కేం? దొంగది నీ వైరింగే!"

షెడ్డులో పొద్దున్నించీ ఇదే వరస. టీచరమ్మగారి పాత కారు బానెట్ తెరుచుకుని, ఇద్దరి మధ్యా నోరెళ్ళబెట్టి నిలబడింది.

లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నది మేస్త్రి కూతురు. పాత ఇంజిన్లకి కొత్త కంప్యూటర్ బిగించి ట్యూన్ చేయడం నేర్చుకొచ్చింది కాబట్టి అందరికీ చిన్నమేస్త్రి అయింది. నల్లటి స్పార్క్ ప్లగ్గు పట్టుకుని ఎగురుతున్నవాడు వైరింగ్ పనివాడు. అసలు పేరు అతనికైనా గుర్తుందో లేదో గానీ, షెడ్డులో అతను 'కరెంటు'.

"చూడు, ప్లగ్గు కాటుకలా ఉంది. పెట్రోలు ఎక్కువైపోతోంది."

"స్క్రీన్ చూడు. పెట్రోలు చాలట్లేదు, గాలే ఎక్కువుందంటోంది సెన్సర్. అందుకే కంప్యూటర్ ఇంకాస్త పోస్తోంది."

"పోస్తోంది కాబట్టే ఈ నల్లపొగ! నా కళ్ళు మండిపోతున్నాయి."

"నన్ను చూడ్డం మానేసి పని చూసుకో, మండవు."

కరెంటు ఠక్కున చూపు ప్లగ్గు మీదికి తిప్పుకున్నాడు.

పొగగొట్టానికి బిగించిన ఆ వేలెడంత సెన్సర్ చేసే పని ఒక్కటే. ఇంజిన్ వదిలే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో వాసన చూసి కంప్యూటర్‌కి చెబుతుంది. కంప్యూటర్ ఆ మాట నమ్మి పెట్రోలు పోస్తుంది. చెప్పేది తప్పయితే ఇంజిన్ గతి, చెప్పుడు మాటలు విన్న కాపురం గతే.

మేస్త్రి దగ్గుకుంటూ వచ్చాడు. "ఏమే, నాలుగింటికి టీచరమ్మగారు వస్తారు. అప్పటికి బండి తిన్నగా నడవకపోతే ఆ కంప్యూటర్ పెట్టె పీకేసి పాత కార్బురేటర్ పెట్టేస్తా. నువ్వు మీ అత్త వాళ్ళ ఊరెళ్ళి, ఆవిడ చూసిపెట్టిన కంపెనీ ఉద్యోగంలో చేరిపో. ఇక్కడ నీ ప్రయోగాలకి ఇదే ఆఖరు."

ఆమె మొహం చిన్నబోయింది. అంతకంటే ఎక్కువ కరెంటుది.

ఇక్కడ మీకో గుట్టు విప్పాలి. వెల్డరు, పెయింటరు, ఆఖరికి స్పేర్ పార్టుల కొట్టాయన కూడా మేస్త్రిని 'బాబాయ్' అనే పిలుస్తారు. కరెంటు ఒక్కడే 'మేస్త్రి గారూ' అంటాడు. బాబాయ్ అంటే ఆయన కూతురు చెల్లెలైపోదూ? పనిలో చేరిన నాటి నుంచీ ఆ మాట నోరు జారకుండా పాపం ఎన్ని తిప్పలు పడ్డాడో! అంత జాగ్రత్త పడినవాడు అసలు మాట మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. ఇప్పుడా పిల్ల కాస్తా వెళ్ళిపోతోంది.

ఇద్దరూ కయ్యం ఆపి పనిలో పడ్డారు. తప్పు వైరింగ్‌దేమోనని సెన్సర్ ఎర్తు వైరునీ, కంప్యూటర్ ఎర్తు వైరునీ విప్పి, గీకి, రెంటినీ ఇంజిన్ మీద ఒకే బోల్టుకి బిగించాడు కరెంటు. సెన్సర్ పంపే వోల్టులకీ స్క్రీన్ మీద అంకెలకీ పొంతన కుదిరిందో లేదో ఆమె చూసింది. కుదిరింది. పొగ మాత్రం నలుపే.

"నీ వైరింగ్ బానే ఉంది. నాకింకేం తోచట్లేదు, కరెంటూ." గొంతులో ఏడుపు దాచుకోలేకపోయింది.

అతని ప్రాణం ఉసూరుమంది. ఆ దిగుల్లోనే ఏదో తట్టింది.

"బిగించే ముందు దీనికి మంచిగాలి చూపించాలన్నావు కదా?"

"చూపించాను, నిన్న ఇక్కడే. మంచిగాలి ఎలా ఉంటుందో నేర్పితేనే కదా అది పొగని కొలిచేది!"

"అప్పుడు మీ నాన్నగారి వ్యాను ఇక్కడే స్టార్టులో ఉంది."

ఇద్దరూ తెల్లమొహాలేసుకుని ఒకరినొకరు చూసుకున్నారు. వ్యాను పొగనే మంచిగాలి అనుకుంది సెన్సర్. ఇక ఎంత నల్లపొగ వచ్చినా దానికి గాలి ఎక్కువున్నట్టే ఉంటుంది.

"ఏమైందిరా?" మేస్త్రి దగ్గరికొచ్చాడు.

"తప్పు నాదే, మేస్త్రి గారూ. సెన్సర్‌ని పొగలో పెట్టింది నేనే."

"నువ్వెందుకు పెడతావ్? పెట్టింది నేను, నాన్నా!" ఆమె కస్సుమంటూ అతని వైపు తిరిగింది. "నా తప్పు నీ నెత్తినెందుకేసుకుంటావ్? నేనేమన్నా పసిపిల్లనా?"

"నువ్వు వెళ్ళిపోకూడదని!"

అనేశాడు. వెల్డరు పని ఆపేసి మరీ ఇటు చూశాడు. మేస్త్రి బుర్ర గోక్కున్నాడు.

"అసలు వ్యాను స్టార్ట్ చేసింది నేను కదర్రా! ముందు ఆ బండి సంగతి చూడండి."

షెడ్డంతా పొగే. అందుకని కారుని ఆవరణలోకి తోసి, సెన్సర్ విప్పి, వైరుతో గాల్లోకి వేలాడదీసి పవర్ ఇచ్చారు. సరిగ్గా అప్పుడే టపటపా చినుకులు మొదలయ్యాయి.

"అయ్యో! అది నిప్పులా కాగుతుంది, చినుకు పడితే పగిలిపోతుంది!"

కరెంటు పరుగున గొడుగు తెచ్చి సెన్సర్‌కి పట్టాడు. పొగగొట్టంలో ఎన్నడూ ఎరగని రాజభోగం దానికి. దానికి చెరోపక్కా నిలబడి వీళ్ళిద్దరూ తడిసి ముద్దయ్యారు.

"నేను వెళ్ళిపోతే నీకేంటట?" అంది ఆమె, కళ్ళ మీది నీళ్ళు తుడుచుకుంటూ.

"నాతో పోట్లాడేవాళ్ళుండరు."

"వెల్డరున్నాడుగా."

"వెల్డర్ని పెళ్ళి చేసుకోలేను కదా!"

ఆమె ఫక్కున నవ్వింది. ఆ తర్వాత నవ్వు ఆపుకుని, "మా నాన్నని బాబాయ్ అని ఎందుకనవో నాకెప్పుడో తెలుసు. నువ్వు నోరు విప్పుతావేమోనని చూస్తూ కూర్చున్నా" అంది.

"నువ్వంటే నాకు ప్రాణం" అన్నాడు కరెంటు. గొడుగు మాత్రం కదలనివ్వలేదు.

"నాకూను. అదుగో, అయిపోయింది, దింపు!"

సెన్సర్ మళ్ళీ బిగించి స్టార్ట్ చేశారు. ముందు కాస్త తుమ్మినా, కాసేపటికి ఇంజిన్ బుద్ధిగా తిరిగింది. పొగ నలుపు విరిగిపోయింది. వాన వెలిశాక టీచరమ్మ వచ్చి, బండిలో ఓ చుట్టు తిరిగొచ్చి, "మేస్త్రీ, ఇది నా కారేనా?" అని ఆశ్చర్యపోయింది.

ఆవిడ వెళ్ళగానే మేస్త్రి పాత కార్బురేటర్ తీసి అటక మీద పడేశాడు.

"ఆ ఉద్యోగం వద్దని మీ అత్తకి ఫోన్ చేసి చెప్పవే" అన్నాడు కూతురితో. ఆమె కళ్ళు మెరిశాయి.

తర్వాత కరెంటు వైపు తిరిగాడు. "ఒరేయ్, రేపట్నుంచి నన్ను మేస్త్రి గారూ అని పిలవకు."

కరెంటు రెండు చేతులూ జోడించాడు. "బాబాయ్ అని మాత్రం అనలేనండీ. క్షమించండి."

"అనమని ఎవడన్నాడ్రా? అన్నావంటే కాళ్ళు విరగ్గొడతా!"

అది బుర్రకెక్కడానికి, సెన్సర్ వేడెక్కేంత సేపు పట్టింది కరెంటుకి. వెనకాల ఆమె నవ్వు వినబడగానే వంగి మేస్త్రి కాళ్ళకి దండం పెట్టాడు.

"అలాగే... మామయ్యా!"