సముద్రానికి పత్యం

2068వ సంవత్సరం, వేసవి. ఏప్రిల్ ఆఖరు వారం. కళింగపట్నానికి తూర్పున మూడు వందల కిలోమీటర్ల దూరంలో 'తరంగిణి' అనే పరిశోధన నౌక ఇంజన్లు ఆపి నిలబడింది. వెనక డెక్ మీద తీగ చుట్టే విన్చి తిరుగుతోంది. గంటకు పైగా తీగ పైకి వస్తూనే ఉంది. ఆ తీగ చివర ఒక ఉక్కు సీసా ఉంది. అందులో రెండు వేల తొమ్మిది వందల మీటర్ల లోతున నింపిన నీరు ఉంది.

దాని కోసం ఇద్దరు ఎదురు చూస్తున్నారు. ఒకరు డాక్టర్ వరూధిని, నలభై ఆరేళ్ళ సముద్ర శాస్త్రవేత్త. రెండో మనిషి సూరాడ దానయ్య. అతనికి డెబ్బై మూడేళ్ళు. రాళ్ళరేవు అనే జాలర్ల ఊరికి పెద్ద. ఒకప్పుడు సరంగు, అంటే నావ నడిపేవాడు. అతను నీటి మీదికి వచ్చి ఇరవై ఏడేళ్ళయింది.

ఎందుకు రాలేదో ముందు చెప్పాలి.

2041లో బంగాళాఖాతం పైనీరు ముప్పై మూడు డిగ్రీలు దాటింది. చేపలు గుట్టలుగా చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. కొంతకాలం వేట ఆపమని ప్రభుత్వం తీరమంతటా కాగితాలు పంపింది. మిగిలిన ఊళ్ళు సంతకాలు పెట్టాయి. రాళ్ళరేవు పెట్టలేదు. వాళ్ళకి కాగితంతో పని లేకపోయింది. రోగమేమిటో వాళ్ళకి తెలిసిపోయింది. నీటి మీద ఎర్రటి నాచు దద్దుర్లలా తేలింది. చెయ్యి పెడితే జ్వరం ఒళ్ళులా వెచ్చగా తగులుతోంది. ఇంట్లో పిల్లకి ఇలా అయితే అమ్మవారు పోసిందంటారు. సముద్రానికి అమ్మవారు పోసింది.

అమ్మవారు పోసిన ఇంట్లో గుమ్మానికి వేపమండలు కడతారు. రోగిని కదిలించరు. ఘాటు పడదని తాలింపు వెయ్యరు. జ్వరం దిగాక వేపాకు నీళ్ళతో స్నానం చేయించి, ఆ తర్వాతే మామూలు వంట మొదలుపెడతారు. రాళ్ళరేవు ఈ పత్యాన్ని సముద్రం కోసం పట్టింది. ముప్పై ఒక్క నావల్ని ఒడ్డుకి లాగి పాకల కింద పెట్టారు. నావల ముక్కులకి వేపమండలు కట్టారు. అమ్మవారి రాయి మీద చెయ్యి పెట్టి దానయ్య పలికాడు.

"తల్లి కడుపులో ఏడి దిగేదాకా వల ఎయ్యం, తాలింపు ఎట్టం."

ఊరంతా ఆ మాట తిరిగి పలికింది. ఇన్నేళ్ళని ఎవరూ గడువు పెట్టలేదు. పిల్లకి తొమ్మిది రోజులైతే సముద్రానికి తొమ్మిదేళ్ళు పడుతుందేమో అనుకున్నారు. జ్వరానికి ముందుగా గడువు చెప్పడం వాళ్ళ వాడుకలో లేదు.

తొమ్మిదేళ్ళు దాటాయి, పద్దెనిమిదేళ్ళూ దాటాయి. 2057లో ప్రపంచంలో ఆఖరి బొగ్గు విద్యుత్ కేంద్రం మూతబడింది. ఆ రోజుని విజయ దినమని పేరుపెట్టి బడులకి సెలవిచ్చారు. గాలిలో వేడి పెరగడం ఆగిందని టీవీలో చెప్పారు. రెండేళ్ళకి వేట మీద ఆంక్షలు ఎత్తేశారు. పక్క ఊళ్ళ వాళ్ళు కొత్త ఫైబర్ పడవలు కొనుక్కుని వేటకి వెళ్ళారు. రాళ్ళరేవు ఆడా మగా మాత్రం జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు కొడుతూనే ఉన్నారు. పెంకుల్లోని నూనెకి చేతులు నల్లగా మాడిపోయాయి. ఏటా ఎండాకాలం చివర నావలకి జీడి నూనె పట్టించడం మానలేదు. కారి నూకాలు కోడలు పలాస నుంచి కొత్తగా కాపురానికి వచ్చి, తెలియక పప్పులో తాలింపు వేస్తే, ఆవాలు చిటపటమన్న పది నిమిషాల్లో ఊరంతా గుమ్మం ముందు నిలబడింది. ఆ పిల్ల భయంతో గిన్నె బోర్లించేసింది. వాసన పీల్చుకుందామని కొందరు కాసేపు అక్కడే ఉండిపోయారని నూకాలు ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

సరంగులుగా నావ నడిపినవాళ్ళు ఊళ్ళో ఏడుగురే మిగిలారు. అందరిలోకి చిన్నవాడికి అరవై ఒకటి. వాళ్ళు పోయేలోగా పత్యం విడవకపోతే నేర్పేవాళ్ళుండరు. అందుకే దానయ్య మూడేళ్ళ కిందట విశాఖపట్నం వెళ్ళి, వరూధిని పనిచేసే సంస్థ వరండాలో కూర్చున్నాడు. "జొరం దిగిందో లేదో మీరు సూసి సెప్పండి" అన్నాడు. అది కొలిచే పరికరం ఇంకా తయారవుతోందని ఆమె చెప్పింది. "అయితే తయారయ్యాక పిలండి. కాయితం పంపితే నమ్మను, నా కళ్ళెదట సూడాలి" అన్నాడు. ఆమె పిలిచింది. పత్యంలో ఉన్నవాడు సముద్రం మీదికి ఎలా వెళ్తాడని ఊళ్ళో ఎవరో అడిగితే, "అది మన నావ కాదు గదా. డాకటేరు కాడికి ఎల్తే పత్యం సెడిపోద్దేటి?" అని నోరు మూయించాడు.

ఆ పరికరం నీటి వయసు చెబుతుంది. గాలిలో ఆర్గాన్-39 అనే వాయువు బహు కొద్దిగా ఉంటుంది. సముద్రం పైనీరు దాన్ని పీల్చుకుంటుంది. నీరు మునిగి లోతుకి పోయాక మళ్ళీ గాలి తగలదు. లోపలున్న ఆర్గాన్-39 సుమారు రెండు వందల అరవై ఎనిమిదేళ్ళకి సగమవుతుంది. మరో అంత కాలానికి అందులో సగం. ఎంత మిగిలిందో లెక్కపెడితే, ఆ నీరు చివరిసారి గాలి పీల్చి ఎన్నేళ్ళయిందో తెలుస్తుంది. జ్వరం ఎంత లోతుకి చేరిందో దాన్నిబట్టే తేలాలి. పూర్వం దీనికి పెద్ద ప్రయోగశాల, నెలల సమయం కావలసి వచ్చేవి. వరూధిని దాన్ని బీరువా అంత పెట్టెలోకి దించింది. నలభై నిమిషాల్లో జవాబు వస్తుంది.

సీసా డెక్ మీదికి వచ్చింది. వరూధిని కొంత నీరు పరికరంలోకి వదిలి, జవాబుకి ఇంకా కొద్ది నిమిషాలుండగా మిగిలింది స్టీలు గిన్నెలో పట్టింది. దానయ్య చెయ్యి ముంచాడు. వెంటనే వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ ముంచాడు.

"ఓలమ్మ! ఐసులాగున్నాది!"

"రెండు డిగ్రీలు ఉంటుంది, దానయ్యగారూ."

"ఇది తల్లి కడుపులోదే గదా?"

"అట్టడుగుదే."

"సల్లగున్నాది తల్లీ! జొరం దిగిపోనాది!" ముసలివాడు తడిచేత్తోనే ముఖం తుడుచుకున్నాడు. నౌక మీద వంటవాణ్ణి కేకేసి, "బాబూ, నీకాడ ఆవాలున్నాయా?" అని అడిగాడు.

వరూధిని అప్పుడు మాట్లాడకుండా ఉండవలసిందని తర్వాత చాలామంది అన్నారు. ఆమె పరికరం వైపు తిరిగింది. ఇంతలో పరికరం తెర మీద అంకె పడింది. 1,140.

"ఇలా కూర్చోండి," అంది. "ఈ నీటికి పదకొండు వందల నలభై ఏళ్ళు. అది సగటు. ఇందులో అంతకన్నా చిన్న నీరూ ఉంది, పెద్ద నీరూ ఉంది. దక్షిణ ధ్రువం దగ్గర మునిగి, అడుగునే పాకుతూ ఇక్కడికి వచ్చింది. ఇది మునిగినప్పుడు బొగ్గు లేదు, ఇంజన్ లేదు. మన వేడి దీనికి ఇంకా సరిగ్గా తగల్లేదు."

"అంటే?"

"జ్వరం పైన ఉంది. ఇప్పుడిప్పుడే లోపలికి దిగుతోంది."

దానయ్య గిన్నెలో మూడోసారి చెయ్యి ముంచాడు. వంటవాడు ఆవాల డబ్బా పట్టుకుని వచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి వెనక్కి వెళ్ళాడు.

మూడో రోజు మధ్యాహ్నం రాళ్ళరేవులో నావల పాక కింద ఊరంతా కూర్చుంది. విన్నది విన్నట్టు చెప్పమని దానయ్య వరూధినిని వెంట తీసుకొచ్చాడు. ఆమె చెప్పింది. పదకొండు వందల ఏళ్ళంటే ఎవరికీ ఎక్కలేదు. ఎదురుగా ఉన్న నావ చెక్క మీద ఆమె చెయ్యి వేసింది.

"దీనికి ఎన్నేళ్ళుగా జీడి నూనె రాస్తున్నారు?"

"ఇరవై ఏడు," అన్నాడు నూకాలు కొడుకు సోమేసు. ముప్పై అయిదేళ్ళవాడు. ఒక్కసారీ వేటకి వెళ్ళలేదు.

"ఇప్పుడు పైన గుడ్డతో తుడిస్తే, లోపలికి ఇంకిన నూనె పోతుందా?"

"ఎలాగ పోద్దమ్మా? ఇంకిపోనాది గదా."

"సముద్రమూ అంతే. రెండు వందల ఏళ్ళు పైన వేడి రాశాం. రాయడం ఆపాం. ఇంకింది ఇంకిపోయింది. అడుక్కి చేరడానికి వందల ఏళ్ళు, తిరిగి పైకి వచ్చి గాలిలోకి పోవడానికి ఇంకా వందల ఏళ్ళు. అందాకా నీరు ఉబ్బుతూనే ఉంటుంది, ఒడ్డు తింటూనే ఉంటుంది."

నూకాలు లేచింది. అరవై ఏళ్ళ మనిషి, మాట పదును. "నాకొక ముక్క సెప్పమ్మా. మా వలల వల్ల కాలిందా సముద్రం?"

"కాదు."

"మరి మేం పత్యం పట్టినందుకు ఓ రవ్వయినా సల్లబడ్డాదా?"

వరూధిని తలవంచుకుంది. "లేదు."

"ఇన్నావా అన్నా?" నూకాలు దానయ్య వైపు తిరిగింది. "పొగ ఒదిలినోళ్ళు తాలింపు ఎట్టుకు తింటన్నారు. మనం సప్పిడి కూడు. రోగం ఎవుడిది, పత్యం ఎవుడికి?"

జనంలో నవ్వు లేచి వెంటనే ఆగిపోయింది.

సోమేసు వరూధిని దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించినా అందరికీ వినిపించింది. "అమ్మా, మా మావ సేత్తో ముట్టుకున్నాడు. సల్లగుందన్నాడు. కడుపులో ఏడి దిగేదాకా అనే గదా మొక్కు! ఆ ఒక్క ముక్కా సెప్పి ఎల్లిపోండి. రేపే నావ దింపుతాం. మావోళ్ళు నాకు సరంగు పని నేర్పుతారు. ఇంకేటి కావాల?"

వరూధిని నావ మీంచి చెయ్యి తీసేసింది. "నీరు చల్లగా ఉంది. అది అబద్ధం కాదు. దానయ్యగారూ, మీరు ముట్టుకున్నారు. ఇక మీ ఇష్టం."

ఒక శాస్త్రవేత్త అనవలసిన మాట కాదది. అయినా అంది. ఊరంతా దానయ్య వైపు చూసింది. అతను అవునంటే చాలు.

"సోమేసూ," అన్నాడు దానయ్య. "నీ కూతురికి కిందటేడు జొరం పెరిగినప్పుడు కాళ్ళెలాగున్నాయిరా?"

సోమేసు నావ వైపు తిరిగాడు.

"సెప్పు."

"సల్లగా."

"కాళ్ళు ముట్టుకుని, జొరం లేదని పిల్లని సెరువులో ముంచినావా?"

"అది పిల్ల మావా! ఇది నీళ్ళు!"

"సెయ్యెట్టి పలికిననాడు నీళ్ళని పలకలేదురా. తల్లి అని పలికినాను."

నూకాలు నుదురు కొట్టుకుంది. "నీ మాట కోసం ఊరు సచ్చిపోవాలా అన్నా?"

"మాట నాదొక్కడిదే అయితే ఇప్పుడే మింగేద్దును. ఊరంతా పలికింది. నువ్వూ పలికినావు."

ఆమె కూర్చుంది. తర్వాత ఎవరూ వాదించలేదు. పక్క ఊళ్ళో ఎవరైనా ఇంత మూర్ఖత్వం ఉంటుందా అంటారు, అన్నారు కూడా. కానీ ఇరవై ఏడేళ్ళు చప్పిడి కూడు తిన్నవాళ్ళకి, అది దండగని ఒప్పుకోవడం కంటే ఇంకా తినడమే తేలిక.

దానయ్య వరూధినిని ఒక్కటే అడిగాడు. "ఏటా నూనె రాస్తే సెక్క ఎన్నాళ్ళు ఆగుద్దమ్మా, మీ లెక్కలో?"

"నాకు తెలీదు. మీకే తెలియాలి."

"అరవై ఏళ్ళు. మా తాత నావ డెబ్బై ఆగినాది." అతను పాక చివరి వరకూ వరసగా ఉన్న నావల్ని చూశాడు. "పదకొండు వందలు ఆగదు. ఇక పొయ్యిలోకే."

వరూధిని ఆ సాయంత్రం విశాఖపట్నం వెళ్ళిపోయింది. నీటి వయసు పరికరానికి ఆ ఏడాది జాతీయ బహుమతి వచ్చింది. బహుమతి పత్రంలో, ఈ పరికరం తీరప్రాంత ప్రజలు భవిష్యత్తుని సరిగా నిర్ణయించుకోవడానికి తోడ్పడుతుందని రాశారు.

ఊరు కూర్చున్న మర్నాడు పొద్దున్నే, నావల్ని కట్టెలు కొట్టడానికి గొడ్డలి మొదట సోమేసు పట్టుకున్నాడు. కోపంతో పట్టుకున్నాడో, మామ చేత ఆ పని చేయించలేకనో అతను ఎవరికీ చెప్పలేదు. ముక్కులకి కట్టిన వేపమండల్ని ఆడవాళ్ళు విప్పి పక్కన పెట్టారు. జీడి నూనె ఇంకిన చెక్క నల్లటి పొగతో మండుతుంది. ఆ పొగ గాలి నాణ్యత కొలిచే కేంద్రానికి అందింది. నాలుగో రోజున ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి, నిషేధించిన పొగ వదిలినందుకు ఊరి పేరు రాసుకుని వెళ్ళాడు.

ముప్పై ఒక్క నావలు ఇరవై మూడు రోజుల వంటకి వచ్చాయి. ఒక్క ఇంట్లోనూ తాలింపు వెయ్యలేదు.